రెండు ముక్కల్లో ఒక ఊరు

నెదర్లాండ్స్‌లో నైమెగన్, ఫ్రాన్సులో నోయోన్, జర్మనీలో మొజెల్ నది ఒడ్డున నొయ్‌మాగెన్. మూడు భాషల వాళ్ళ నోళ్ళలో నలిగి మూడు రూపాలు తేలిన ఈ ఊళ్ళకు రోమన్ల కాలంలో ఒకటే పేరు: నోవియోమాగుస్. ఇంగ్లండులో ఇవాళ చిచెస్టర్ అంటున్న ఊరికీ, జర్మనీలోని స్పయర్‌కూ అప్పట్లో అదే పేరు. వినడానికి అచ్చమైన లాటిన్‌లా ఉంటుంది. నిజానికి అందులో లాటిన్ వాటా చివరి అక్షరం వరకే. 'నోవియో' అంటే కొత్త. 'మాగోస్' అంటే మైదానం, దరిమిలా ఆ మైదానంలో సాగే సంత. రెండూ కెల్టిక్ మాటలు. మన వైపు అయితే 'కొత్తపేట' అనేవాళ్ళం. జిల్లాకు నాలుగు కొత్తపేటలున్నా ఎవరూ ఆశ్చర్యపోరు.

లాటిన్ తొడుగు వేసుకున్న ఇలాంటి కెల్టిక్ పేర్లు ఐరోపా పొడవునా వందల్లో ఉన్నాయి. లియోన్, మిలాన్, యార్క్, బెల్‌గ్రేడ్, కోల్చెస్టర్, స్ట్రాస్‌బుర్గ్ లాంటి ఊళ్ళ పాత పేర్లన్నీ ఈ కోవలోవే. వాటిని చరిత్ర ఆధారాలుగా చూసినవాళ్ళు చాలామంది. పనితనం ఉన్న వస్తువులుగా చూస్తే ఎలా ఉంటాయో చూడాలని ఈ వ్యాసం. కెల్టిక్ భాషలు మాట్లాడిన జనం పోర్చుగల్ తీరం నుంచి నేటి టర్కీ నడిబొడ్డు దాకా వ్యాపించారు. అయినా ఆ కాలపు గ్రంథమొక్కటీ వాళ్ళ భాషలో మనకు మిగల్లేదు. వాళ్ళ పురోహితులైన ద్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టడం తగదనుకునేవారని జూలియస్ సీజరే రాశాడు. నేటి ఫ్రాన్సు చుట్టుపట్ల ఉన్న గాల్ దేశంలో మాట్లాడిన గాలిష్ భాష సుమారు 6వ శతాబ్దానికల్లా కనుమరుగైంది. మిగిలినవి రాతి మీదా కుండ పెంకుల మీదా చెక్కిన శాసనాలు, సీసపు రేకుల మీద గీసిన శాపాలు, 1897లో కొలిన్యీ అనే చోట దొరికిన కంచు పంచాంగం ముక్కలు. ఆ పైన ఊళ్ళ పేర్లు. ఆ జనం చేతిపనిలో ఇవాళ్టికీ రోజువారీ వాడుకలో ఉన్నది ఈ చివరిదొక్కటే.

ముందు సరంజామా చూద్దాం. అది ఆశ్చర్యం కలిగించేంత చిన్నది. పేరులో రెండో ముక్కగా తరచూ నిలిచే మాటలు గట్టిగా ఓ పదీ పన్నెండు. 'దూనోన్' అంటే కోట, కోట కట్టిన గుట్ట. 'బ్రిగా' అంటే ఎత్తైన చోటు. 'దూరోన్' అంటే ద్వారం, దాన్నిబట్టి ప్రహరీ ఉన్న ఊరు. 'బ్రీవా' వంతెన. 'రితు' ఏరు దాటే రేవు. 'నెమెతోన్' దేవతలకు విడిచిన తోపు. 'రాతే' మట్టికట్ట పోసిన కోట. 'లానోన్' చదును నేల. 'బోనా' పునాది, నివాసం. వీటి ముందు చేరే మొదటి ముక్కలు మాత్రం రకరకాలు: కొత్త, ఎత్తు, తెలుపు, వంకర, చెట్టు పేరు, నది పేరు, దేవుడి పేరు, ఒక్కోసారి మనిషి పేరు.

ఇక వీటితో ఏం కట్టారో చూడండి. సమర నది మీద వంతెన ఉన్న చోటు సమరోబ్రీవా. ఆ నది ఇవాళ్టి సోమ్, ఆ ఊరు ఇవాళ్టి అమియెన్స్, క్రీ.పూ. 54 చలికాలంలో సీజర్ విడిది చేసింది అక్కడే. వేల్స్‌లో సముద్రానికి దగ్గరి కోట మోరిదూనుం. ఇంగ్లండు దక్షిణ తీరంలో పెద్ద రేవు అందేరితుం, ఇప్పటి పెవెన్సీ. నది మలుపు తిరిగే చోట వంకర కోట కాంబోదూనుం, ఇప్పటి జర్మనీలోని కెంప్టెన్. కముల అనే యుద్ధదేవుడి కోట కములోదూనుం, ఇప్పటి కోల్చెస్టర్. రెండు ఏర్లు కలిసే చోటుకైతే రెండు ముక్కలు కూడా అక్కర్లేదు, 'కొందాతే' అనే ఒక్క మాట చాలు. ఫ్రాన్సులో 'కోందే' అన్న పేరున్న ఊళ్ళన్నీ ఆ సంగమాల గుర్తులే.

ఈ పేర్లలో ఉన్నదాన్ని మెచ్చుకునే ముందు లేనిదాన్ని గమనించాలి. పొగడ్త లేదు, శుభాకాంక్ష లేదు, కథ లేదు. కొత్తగా ఆ దారిన వచ్చేవాడికి ఏది అవసరమో అదే ఉంది: ఇక్కడ ఏరు దాటొచ్చు, ఇక్కడ సంత జరుగుతుంది, ఇక్కడ గుట్ట మీద కావలి ఉంటుంది. రెండో ముక్క అది ఎలాంటి చోటో చెబుతుంది. మొదటి ముక్క అలాంటి చోట్లలో ఇది ఏదో చెబుతుంది. మూడో ముక్కకు పని లేదు.

తెలుగు బడిలో వ్యాకరణం చదివినవాళ్ళకు ఈ కట్టడం వెంటనే పట్టుబడుతుంది. ఇది సమాసం. నోవియోమాగుస్ విశేషణ పూర్వపద కర్మధారయం. సమరోబ్రీవా, కములోదూనుం షష్ఠీ తత్పురుషలు. ఉత్తరపదమే ప్రధానం. పూర్వపదానికి విభక్తి ఉండదు, ప్రాతిపదిక మాత్రమే నిలుస్తుంది. ఆ ప్రాతిపదిక చివరి అచ్చే రెండు ముక్కల మధ్య అతుకు. నాకు ఈ పేర్లలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే పని ఈ అతుకులోనే జరిగింది.

'నోవియో', 'కములో', 'సమరో' అన్నప్పుడు మధ్యలో వినబడే ఓకారం అందం కోసం పెట్టింది కాదు. అవి ఓకారాంత ప్రాతిపదికలు, లేదా వాటి వరసలో చేరినవి. సముద్రం అనే అర్థమున్న 'మోరి' ఇకారాంతం. అందుకే మోరిదూనుంలో అతుకు దగ్గర ఇకారం. లియోన్ నగరపు పాత పేరు లుగ్దూనుం అని పుస్తకాల్లో చూస్తాం. దాని ఇంకా పాత రూపం లుగుదూనుం. 'లుగు' అనే దేవుడి పేరు ఉకారాంతం కాబట్టి అక్కడ ఉకారం. రోమన్ చరిత్రకారుడు కాసియస్ దియో తన కాలానికి ఆ ఉకారం రాలిపోయిందని గమనించి, మునుపు లుగుదూనుం అనేవారు, ఇప్పుడు లుగ్దూనుం అంటున్నారని రాసిపెట్టాడు. గిరిదుర్గంలో ఇకారం, గురుకులంలో ఉకారం, జలదుర్గంలో అకారం ఎందుకు నిలిచాయో తెలిసినవాడికి ఇందులో వింత లేదు. అసలు వింత వేరే ఉంది. ఈ పేర్లు పెట్టినవాళ్ళకు పాణిని లేడు, బడి లేదు, రాతే అంతంత మాత్రం. అయినా అట్లాంటిక్ తీరం నుంచి దాన్యూబ్ దాకా వందల ఊళ్ళ పేర్లలో అతుకు దగ్గర ఇంత నియమం పాటించారు.

ఇప్పుడు రోమన్ల వాటా. వాళ్ళు గాల్‌నూ బ్రిటన్‌నూ స్పెయిన్‌నూ గెలిచాక వేల కొద్దీ ఊళ్ళ పేర్లను దస్తావేజుల్లోకి ఎక్కించాల్సి వచ్చింది. దారి కొలతలకు, పన్నుల పద్దులకు, సైన్యం చిరునామాలకు పేర్లు కావాలి. వాటిని అనువదించే తీరిక గుమాస్తాలకు లేదు. చేసిందల్లా చివర లాటిన్ ప్రత్యయం తగిలించడం. 'దూనోన్' దూనుం అయింది, 'మాగోస్' మాగుస్ అయింది, 'బ్రిగా' ఉన్నదున్నట్టే సరిపోయింది. సంస్కృత ప్రాతిపదికకు డు, ము, వు, లు చేర్చి రాముడు, వనము, గురువు అంటూ తత్సమాలు చేసుకున్నవాళ్ళం మనం. సరిగ్గా అదే పని. చివర మారింది, ఒళ్ళు మారలేదు. లోపలి అతుకు జోలికి వాళ్ళు పోలేదు.

ఈ తొడుగు ఎంత సులువుగా అమిరిందో ఆ కాలపు చెక్క పలకలే చెబుతాయి. ఉత్తర ఇంగ్లండులో విందొలాండా అనే కోట దగ్గర 1973 నుంచి సిరాతో రాసిన పల్చటి చెక్క పలకలు బయటపడుతూ వచ్చాయి. ఆ కోట పేరులోనూ 'విందో', అంటే తెలుపు, కెల్టిక్‌దే. అక్కడి ఒక పలక 752 మంది సైనికుల దళంలో ఎవరు ఎక్కడున్నారో లెక్క చెబుతూ, ఒక శతాధిపతి లండన్‌లో ఉన్నాడంటుంది. లండన్‌లో 2010 తర్వాత జరిగిన తవ్వకాల్లో 400 పైచిలుకు మైనపు పలకల చెక్కలు దొరికాయి. వాటిలో ఒకదాని మీద చిరునామా 'లోందినియో మోగోంతియో': లండన్‌లో ఉన్న మోగోంతియుస్‌కు అని. ఊరి పేరు లాటిన్ విభక్తిలో ఒదిగిపోయింది. ఉత్తరం అందుకోవాల్సిన మనిషి పేరు కూడా కెల్టిక్ పేరుకు లాటిన్ తొడుగే.

రోమన్ల గెలుపుకన్నా ముందే లాటిన్ లిపి ఈ పేర్లను తాకిన సందర్భాలున్నాయి. ఆగ్నేయ బ్రిటన్‌ను ఏలిన కునోబెలినుస్ తన నాణేల మీద ఒక వైపు ధాన్యపు కంకి వేసి పక్కన కములోదూనుంకు పొడి అక్షరాలుగా 'కము' అని ముద్రించాడు. స్పెయిన్‌లో మరో రకం కష్టం వచ్చింది. అక్కడి కెల్టులు వాడిన ఐబీరియన్ లిపిలో క, త, ప వర్గాల హల్లులకు అచ్చుతో కలిసిన గుర్తులే తప్ప విడి హల్లు లేదు. 'బ్రి' అని రాయడానికి మనకు క్రావడి ఉంది, వాళ్ళకు లేదు. అందుకే 'సెగోబ్రి' అని మొదలయ్యే ఊరి పేరు నాణెం మీద 'సెకొబిరికెస్' అయింది. తర్వాతి నాణేలు లాటిన్ లిపిలోకి మారాక సెగోబ్రిగా అని మాట తేటపడింది.

గుమాస్తాల సంయమనానికి మించినది రోమన్ పాలకులు చేసిన మరో పని. కొత్త పట్టణాలు వెలసినప్పుడు వాటికి పూర్తి లాటిన్ పేర్లు పెట్టే అధికారం వాళ్ళకుంది. చాలాచోట్ల పెట్టారు కూడా. కానీ గాల్‌లో పదేపదే కెల్టిక్ పద్ధతికే తలొగ్గారు. కొండ మీది బిబ్రాక్తే నుంచి జనం కిందికి దిగి కట్టుకున్న ఊరు అవుగుస్తోదూనుం, అంటే అగస్టస్ కోట, ఇప్పటి ఓతన్. కైసరోమాగుస్ సీజర్ సంత. ఆ పేరు ఫ్రాన్సులో బొవేకూ, ఇంగ్లండులో చెమ్స్‌ఫర్డ్‌కూ ఉండేది. యూలియోబోనా ఇప్పటి లిల్‌బోన్. అవుగుస్తోనెమెతుం ఇప్పటి క్లెర్మోఁ. చిన్నయసూరి పరిభాషలో ఇవి మిశ్ర సమాసాలు: పూర్వపదం పరభాష, ఉత్తరపదం స్వభాష.

ఇక్కడ అతుకును మళ్ళీ చూడండి. లాటిన్ తన సొంత సమాసాల్లో ముక్కల మధ్య ఇకారం వాడుతుంది. పొలం దున్నేవాడు 'అగ్రికోలా', బంగారప్పని చేసేవాడు 'అవురిఫెక్స్'. ఆ లెక్కన అగస్టస్ కోట 'అవుగుస్తిదూనుం' కావాలి. కాలేదు. ఓకారంతో అవుగుస్తోదూనుం అయింది. చక్రవర్తి పేరు కూడా కెల్టిక్ అచ్చులో పడితేనే ఊరి పేరులో చోటు దొరికింది. అధికారమంతా మొదటి గదిలో కూర్చున్నా, ఇల్లు కట్టిన పద్ధతి స్థానికులదే. ఆ సమాస పద్ధతి అప్పటికీ సజీవంగా ఉందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు పాఠకుడికి ఈ పేర్లలో మరో సుఖం ఉంది. తెలుగు ద్రావిడ భాష. కెల్టిక్‌తో దానికి చుట్టరికం లేదు. కానీ మన నోట రోజూ ఆడే తత్సమాలకు ఉంది, ఎందుకంటే సంస్కృతమూ కెల్టిక్కూ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబం. నోవియోమాగుస్‌లో 'నోవియో' మన 'నవ'కు చుట్టం. మిలాన్ పాత పేరు మెదియోలానుం. అందులో 'మెదియో' అంటే 'మధ్య'. రైన్ ఒడ్డున రెమాగెన్ పాత పేరు రిగోమాగుస్. 'రిగ్' అంటే రాజు, 'రాజ' శబ్దానికి సోదరం. మెట్జ్ నగరం దివోదూరుం; అందులో 'దేవ' శబ్దం ఉంది. ఇంగ్లండులో చెస్టర్ పాత పేరైతే ఏకంగా దేవా, పక్కన పారే నది పేరు మీదుగా వచ్చింది. నదిని దేవతగా తలిచారు. స్ట్రాస్‌బుర్గ్ పాత పేరు ఆర్గెంతోరాతేలో 'ఆర్గెంతో' వెండి, 'రజతం'తో ఒకే మూలం. ఆస్ట్రియాలోని బ్రెగెంజ్, స్పెయిన్ వాయవ్య కొనలోని మరో ఊరు, రెండింటికీ బ్రిగాంతియుం అని పేరు. ఆ 'బ్రిగంత్' సంస్కృతంలో 'బృహత్': ఎత్తైనది, గొప్పది. ఉత్తర ఇంగ్లండు కెల్టులు కొలిచిన దేవత బ్రిగాంతియా పేరును సంస్కృతంలోకి మారిస్తే దాదాపు 'బృహతి' అవుతుంది.

కెల్టిక్ భాషలు ఒక పని మాత్రం మొహమాటం లేకుండా చేశాయి. పూర్వీకుల నుంచి వచ్చిన పకారాన్ని పారేశాయి. లాటిన్‌లో 'ప్లానుస్' అంటే చదునైనది. అదే మూలం నుంచి కెల్టిక్‌లో పకారం పోయి 'లానోన్' మిగిలింది. రేవు అనే 'రితు'కు లాటిన్ 'పోర్తుస్', ఇంగ్లీషు 'ఫోర్డ్' తోబుట్టువులు. సంస్కృతంలో అవతలి ఒడ్డును చెప్పే 'పారం' కూడా ఆ ధాతువుదే. సంస్కృత 'ఉపరి'లో పకారం తీసేస్తే మిగిలేది ఇంచుమించు 'ఉఎరి'. అదే కెల్టిక్ 'వెర్', అంటే మీద, మించిన. వెర్నెమెతుం అంటే మించిన దేవతోపు, మహాలయం. ఈ అర్థం మన ఊహ కాదు. 6వ శతాబ్దపు కవి వెనాంతియుస్ ఫోర్తునాతుస్ అలాంటి పేరున్న చోటొకటి ప్రస్తావిస్తూ గాలిష్ భాషలో దానికి మహా దేవాలయమని అర్థమని రాశాడు. గాలిష్ అర్థం ఇంకా కొందరికి గుర్తున్న చివరి తరాల మాట అది.

ఇన్ని పేర్లు మనదాకా ఎలా వచ్చాయన్నది మరో పనితనం. సుమారు క్రీ.శ. 150లో అలెగ్జాండ్రియాలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో దాదాపు 8,000 చోట్లకు అక్షాంశ రేఖాంశాలు వేశాడు. రెండో భాగంలో బ్రిటన్, గాల్ ఊళ్ళున్నాయి. యార్క్ అక్కడ 'ఎబొరాకోన్'. ఏడో భాగంలో భారతదేశం ఉంది. మైసోలియా అనే కృష్ణా తీరపు సీమలో 'కొంటకొస్సుల' అనే రేవుపట్నం ఉంది. అది మన ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో అదే ఊరు 'కంటకసేల'. ప్రాకృతంలో చెక్కిన పేరు గ్రీకులో ఎంత మారిందో, ఎంత మారలేదో ఇక్కడ మనం స్వయంగా సరిచూసుకోవచ్చు. తాను ఎన్నడూ చూడని ఊరి పేరును ఎవరో ఓడ సరంగు నోట విన్నది విన్నట్టు రాసే ఆ పద్ధతే ఎబొరాకోన్‌నూ కాపాడింది.

దారిపటాల్లో గొప్పది వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉన్న ప్యూటింగర్ పటం. రోమన్ పటానికి మధ్యయుగంలో తీసిన ప్రతి అది. తోలు మీద గీసింది; పొడవు దాదాపు 6.75 మీటర్లు, ఎత్తు ఒక మూర కన్నా తక్కువ. పడమటి కొస ఊడిపోయి బ్రిటన్ చాలావరకు పోయింది. తూర్పు కొసన కేరళ తీరపు ముజిరిస్ దాకా దారి ఉంది. ఆ దారుల వెంట -దూనుం, -మాగుస్, -బ్రీవా పేర్లు మైలు అంకెలతో సహా వరస కట్టి ఉంటాయి. పటాలు చాలవనుకుంటే ఒక చిట్టి నిఘంటువు కూడా మిగిలింది. చేతులు మారుతూ వచ్చిన ఆ చిట్టాను 19వ శతాబ్దంలో ఎండ్లిషర్ అనే పండితుడు వెలికి తీశాడు. గాలిష్ మాటలకు లాటిన్ అర్థాలు కొన్ని పంక్తుల్లో ఉన్నాయి: 'బ్రియో' అంటే వంతెన, 'నాంతో' అంటే లోయ, 'దోరో' అంటే ద్వారం.

ఆ చిట్టాలో లుగ్దూనుంకు 'కోరదగిన కొండ' అని అర్థమిచ్చారు. ఒక గ్రీకు గ్రంథంలో ఊరు కట్టేటప్పుడు కాకులు వాలాయని, 'లూగోస్' అంటే కాకి, 'దూనోన్' అంటే మిట్ట అని కథ ఉంది. నేటి పండితుల్లో ఎక్కువమంది లుగు దేవుడి కోట అంటారు. మొదటి ముక్క విషయంలో మూడు దారులు. రెండో ముక్క విషయంలో అందరిదీ దాదాపు ఒకటే మాట: ఎత్తైన చోటు, లేదా దాని మీది కోట. ఉత్తరపదాన్ని ఎంత గట్టిగా నాటారో ఈ ఏకాభిప్రాయమే చెబుతుంది.

ఈ ఆధారాల్లో తప్పుల తడక తక్కువేం కాదు. రవెన్నాలో సుమారు 700లో తయారైన ఊళ్ళ పట్టీలో కములోదూనుం 'కములోదులో' అయి కూర్చుంది. అలాంటి చిక్కులు విప్పిన పండితుల చేతిపని కూడా మెచ్చుకోదగ్గది. బ్రిటన్ పేర్ల మీద రివెట్, కోలిన్ స్మిత్ కలిసి 1979లో వెలువరించిన గ్రంథం చూడాలి. ఒక్కో పేరు కింద ముందు ఏ ఆధారంలో ఏ వర్ణక్రమంతో ఉందో తప్పులతో సహా చూపిస్తారు. తర్వాత వ్యుత్పత్తి. చివర్న ఆ ఊరు ఇవాళ ఎక్కడ. ఈ వరస తప్పరు. 2006లో పాట్రిక్ సిమ్స్-విలియమ్స్ ఐరోపా, ఆసియా మైనర్ కెల్టిక్ పేర్లను పటం మీది గడుల్లో పరిచి, ఏ ముక్క ఎక్కడ చిక్కగా ఉందో చూపించాడు. -బ్రిగా పేర్లు స్పెయిన్, పోర్చుగల్‌లలో గుంపులు గుంపులుగా ఉంటాయి: సెగోబ్రిగా, కోనింబ్రిగా, నెర్తోబ్రిగా. -దూనుం అక్కడ అరుదు. అది బ్రిటన్ నుంచి తూర్పుగా బెల్‌గ్రేడ్ పాత పేరు సింగిదూనుం మీదుగా దాన్యూబ్ నల్లసముద్రంలో కలిసే దగ్గరి నోవియోదూనుం దాకా పోతుంది. ఒకే పనికి రెండు ప్రాంతాల పనివాళ్ళు రెండు మాటలు ఎంచుకున్నారన్నమాట.

ఇక అరుగుదల. ఆరు అక్షరాల అవుగుస్తోదూనుం రెండక్షరాల ఓతన్ అయింది. లుగ్దూనుం లియోన్, రోతోమాగుస్ రూవాన్. అరుగుదలలోనూ ఒక పద్ధతి ఉంది. బితూరిగెస్ అనే తెగ పేరును కొందరు 'తూ' మీద ఊనిక పెట్టి పలికారు; మరికొందరు లాటిన్ అలవాటు ప్రకారం 'రీ' మీద పెట్టారు. మొదటి పలుకుబడి నగరానికి బూర్జ్ అనే పేరిచ్చింది, రెండోది చుట్టూ ఉన్న సీమకు బెర్రీ అనే పేరిచ్చింది. ఒకే పేరు, ఊనిక మారితే రెండు.

అర్థం మరిచిపోయాక జనం చేసిన మరమ్మతులు ఇంకా సరదాగా ఉంటాయి. యార్క్‌ను కెల్టులు 'ఎబురాకోన్' అన్నారు, యూ చెట్లున్న చోటు కావొచ్చు. లాటిన్‌లో ఎబొరాకుం. ఆంగ్లులు వచ్చి అందులో తమ 'ఎయోఫోర్', అంటే అడవిపంది, వినబడిందనుకుని ఎయోఫోర్విక్ చేశారు. 866లో పట్టుకున్న వైకింగులు దాన్ని యోర్విక్ చేశారు. చివరికి యార్క్. ఆ ఊరి ఆర్చిబిషప్ మాత్రం ఇప్పటికీ 'ఎబోర్' అని సంతకం చేస్తాడు. వేల్స్‌లో మోరిదూనుం నోళ్ళలో నలిగి మెర్థిన్ అయ్యాక అందులో కోట ఉందని ఎవరికీ తెలియలేదు. ముందు 'కయర్' అని మరో కోట తగిలించారు, ఇంగ్లీషులో కార్మార్థెన్. పైగా ఆ మెర్థిన్ ఎవరో మనిషే అనుకున్నారు. మాంత్రికుడు మెర్లిన్ పేరు అలా పుట్టిందేనని పండితుల్లో చాలామంది అభిప్రాయం. మిలాన్ వాళ్ళు మెదియోలానుంలో లాటిన్ 'లానా', అంటే ఉన్ని, చూసి సగం ఉన్ని ఉన్న ఆడపంది కథ అల్లుకున్నారు. ఆ నగరంలోని పాత న్యాయభవనం గోడ మీద ఆ పంది శిల్పం నేటికీ ఉంది. మరమ్మతు సరిగ్గా జరిగిన సందర్భమూ ఒకటుంది. పారిస్ దగ్గర వాజ్ నది మీది 'బ్రీవా ఇసారే' పేరును అర్థం తెలిసిన వాళ్ళెవరో పూర్తిగా మార్చి పోంత్వాజ్ అన్నారు: అదే నది, అదే వంతెన, భాష మాత్రం కొత్తది.

అన్ని పేర్లూ నిలవలేదన్నది కూడా చెప్పాలి. 3, 4 శతాబ్దాల్లో గాల్‌లో ఊరి పేరును పక్కకు నెట్టి ఆ సీమలోని తెగ పేరే ఊరికి అంటుకుంది. లుతేతియా పోయి పరిసియుల పేరుతో పారిస్ వచ్చింది. దురోకోర్తోరుం పోయి రేముల పేరుతో రీమ్స్, కైసరోదూనుం పోయి తురోనుల పేరుతో తూర్, సమరోబ్రీవా పోయి అంబియానుల పేరుతో అమియెన్స్. పోగొట్టింది కూడా కెల్టిక్ పేర్లే కావడం విశేషం. బ్రిటన్‌లో ఈ మార్పు అంతగా సాగలేదు. అక్కడ లింకన్ లాంటి అపురూపం మిగిలింది. కొలను అనే అర్థమున్న 'లిందోన్' కెల్టిక్, వలస పట్టణమనే 'కొలోనియా' లాటిన్; రెండూ ఇంగ్లీషు నోట ఒకటై లింకన్.

ఈ నియమాలన్నీ తెలిశాక పటం ముందు కూర్చుంటే ఒక అలవాటు పడుతుంది: ప్రతి పాత పేరునూ రెండుగా విరిచి చూడడం. చాలావరకు విరుగుతాయి. విరగనివి ఎక్కడ ఆగిపోతున్నాయో కూడా తెలుస్తుంది. అన్నిటికన్నా పేరుమోసిన లోందినియుం అలాంటిదే. చివర్న దూనుం లేదు, మాగుస్ లేదు, బ్రీవా లేదు; మొదటి ముక్క దేవుడిదో ఏటిదో మనిషిదో తేలదు. తరాలుగా ప్రతిపాదనలు వస్తున్నాయి, ఏదీ నిలబడలేదు. అందులో నిరాశ పడాల్సిందేమీ లేదు. నోవియోమాగుస్ కట్టినవాళ్ళ నియమం ఎంత ఖచ్చితమైనదో లోందినియుం దగ్గర బాగా తెలుస్తుంది. నియమం గట్టిది కాబట్టే ఇమడనిదాన్ని ఇమిడిందని బుకాయించే వీల్లేకుండా పోయింది.